మూడు ఆధారం తక్కెడ: ఆరు రాళ్లతో 364 గ్రాముల దాకా (ప్రాజెక్టు డైరీ)

ఏం తయారవుతోంది

నల్లగొండలో ఒక బడి గణితం గది కోసం రెండు పళ్లేల తక్కెడ. దానికి ఆరే ఆరు రాళ్లు: 1, 3, 9, 27, 81, 243 గ్రాములు. వీటితో 1 నుంచి 364 దాకా ఏ గ్రామునైనా జోకొచ్చు. నల్లగొండలో బత్తాయిలకు కరువు లేదు కాబట్టి జోకే సరుకు బత్తాయే. మామూలు కాయ 150–250 గ్రాముల మధ్య తూగుతుంది, మన హద్దు దాటదు. తక్కెడతో పాటు ఇంకో రెండు పనులున్నాయి. ఏ రాయి ఏ పళ్లెంలో పడాలో చూపే దీపాల పలక ఒకటి, చింతగింజలతో సంఖ్యల గుణాలు చూపే ఆరు గిన్నెల చెక్క ఒకటి.

బజారు రాళ్లు 1, 2, 2, 5 వరుసలో వస్తాయి. ఒక్క పళ్లెంలోనే రాళ్లు వేస్తూ 364 దాకా పోవాలంటే 200, 100, 50, 20, 20, 10, 5, 2, 2, 1 అని పది రాళ్లు కావాలి. రెట్టింపు వరుస (1, 2, 4, 8… 256) పెట్టుకుంటే తొమ్మిది. రాళ్లను రెండు పళ్లేల్లోనూ వేయొచ్చు అనుకుంటే ఆరు చాలు. ఒక్కో రాయికి మూడే చోట్లు: సరుకు పక్కన, ఎదురు పళ్లెంలో, లేదంటే బల్ల మీద. ఆరు రాళ్లకు మూడును ఆరుసార్లు గుణిస్తే 729 అమరికలు. −364 నుంచి +364 దాకా సున్నాతో కలిపి సంఖ్యలు కూడా 729. ఒక్కో సంఖ్యకు ఒక్కటే అమరిక. ఏ అమరికా వృథా పోదు, ఏ సంఖ్యా రెండు రకాలుగా రాదు. ఈ లెక్క పాతదే. 1, 3, 9, 27 రాళ్లతో 40 దాకా జోకే లెక్కను ఫ్రెంచి గణితజ్ఞుడు బాషే 1612లోనే అచ్చు వేశాడు.

ముందే ఒక హెచ్చరిక. ఈ రాళ్లతో జోకి ఏదీ అమ్మకూడదు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేని రాయి వ్యాపారంలో పనికిరాదు, 2009 చట్టం ప్రకారం అది నేరం. పెట్టె మూత మీద ఈ మాట రాసి అతికించాలి.

రాళ్ల కోత

స్టీలు రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. స్టీలు కొట్లలో ఈ లెక్క నోటికే చెబుతారు. 8 మి.మీ. రాడ్డు మీటరుకు 0.395 కిలోలు, 12 మి.మీ. 0.889, 16 మి.మీ. 1.58, 25 మి.మీ. 3.86. దాన్నిబట్టి కోత కొలతలు ఇలా ఖాయం చేశాం: 9 గ్రాములకు 8 మి.మీ. రాడ్డు 2.3 సెం.మీ.; 27 గ్రాములకు 12 మి.మీ. రాడ్డు 3.0 సెం.మీ.; 81కి 16 మి.మీ. రాడ్డు 5.1, 243కి 25 మి.మీ. రాడ్డు 6.3. రాడ్డు కొనాల్సిన పనే లేదు, ఇల్లు కడుతున్న చోట మిగిలిన తునకలు సరిపోతాయి. 25 మి.మీ. మాత్రం చిన్న ఇళ్ల దగ్గర కనబడదు, పిల్లర్లు పెద్దవి ఉన్నచోట అడగాలి.

1, 3 గ్రాముల రాళ్లు రాడ్డుతో చేయొద్దు. 8 మి.మీ. రాడ్డులో ఒక గ్రాము అంటే రెండున్నర మి.మీ. బిళ్ల. కోయబోతే చక్రమే దాన్ని తినేస్తుంది, మిగిలినా వేళ్లకు అందదు. 2 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుప) తీగ వాడాం. దాని బరువు సెంటీమీటరుకు పావు గ్రాము కంటే ఒక పిసరు తక్కువ. 4.1 సెం.మీ. ముక్క ఒక గ్రాము, 12.2 సెం.మీ. ముక్క మూడు గ్రాములు. ఉంగరంలా చుడితే పట్టుకోవడానికి బాగుంటుంది.

ఈ కొలతలు నమ్మి సరిగ్గా అంతే కోస్తే దెబ్బతింటారు. టీఎంటీ రాడ్డు (కాంక్రీటులో వేసే ఈ రాడ్డే) బరువులో ఐఎస్ 1786 అనే భారతీయ ప్రమాణమే కొంత తేడాను ఒప్పుకుంటుంది: 10 మి.మీ. దాకా 7 శాతం, 16 మి.మీ. దాకా 5 శాతం, అంతకు పైన 3 శాతం, అటైనా ఇటైనా. 243లో 3 శాతం అంటే ఏడు గ్రాములు. అందుకని ప్రతి ముక్కా లెక్క కంటే పదో వంతు పొడుగ్గా కోసి, ఆకురాయితో తగ్గించుకుంటూ రావాలి. ఇనుము తీయడం తేలిక, కలపడం కష్టం. కోసిన అంచున లేచే ఇనుప పొరను ముందే రాకేయాలి. లేకపోతే అది వాడకంలో రాలి, రాయి తేలికవుతుంది.

సరిచూపు

వంటింటి ఎలక్ట్రానిక్ కాంటా ఈ పనికి చాలదు. దాని కొలత ఒక గ్రాము, 2.6 అయినా 3.4 అయినా అది 3 అనే చూపిస్తుంది. బంగారం జోకే రకం చిన్న కాంటా కావాలి, 500 గ్రాముల దాకా, 0.01 గ్రాము కొలతతో. ఆరు రాళ్లలో ఒక్కోదాన్నీ 0.05 గ్రాము తేడాకు లోపల పెట్టాం. ఆరూ ఒకే వైపు తప్పినా మొత్తం 0.3 గ్రాము. అర గ్రాము దాటనంత వరకు తూకం తప్పదు. ఎందుకో జోకే పద్ధతి దగ్గర తేలుతుంది.

అలాంటి కాంటా దొరకని బడులకు ఇంకో దారి ఉంది. ఈ తక్కెడకు గ్రాములతో పనిలేదు, రాళ్ల మధ్య నిష్పత్తే కావాలి. ఒక తీగ ముక్కను ‘ఒకటి’ అనుకుని, అలాంటివే మూడు చేసి, ఆ మూడింటికి సరిపడా ‘మూడు’ చేసి, అలాంటివి మూడు పెట్టి ‘తొమ్మిది’ చేస్తూ పోవచ్చు. కానీ ప్రతి మెట్టు దగ్గరా పాత తప్పు మూడింతలవుతుంది. మొదటి ముక్కల్లో 0.01 గ్రాము తేడా ఉంటే 243 దగ్గరికి వచ్చేసరికి అది 2.43 గ్రాములు. నాలుగు రాళ్ల దాకా, అంటే 40 దాకా, ఈ దారి పర్వాలేదు. ఆ పైకి వద్దు.

రంగు విషయం. 243 రాయికి ఎనామెల్ ఒక పూత వేస్తే ఆరాక పావు గ్రాము దాకా పెరగొచ్చు. అందుకని ముందు రంగు, తర్వాత అడుగు భాగంలో ఆకురాయి, చివర తూకం. తీగ ఉంగరాలకు రంగు వద్దు.

తక్కెడ

అడ్డపట్టీకి 25×6 మి.మీ. అల్యూమినియం ఫ్లాట్, 42 సెం.మీ. పొడవు. బరువు 170 గ్రాములు. చేతులు రెండూ 200 మి.మీ. చొప్పున. నడుమ ఇరుసు కోసం 623 బేరింగు (లోపలి రంధ్రం 3 మి.మీ., బయటి వ్యాసం 10). మేకు గుచ్చి వేలాడదీస్తే సరిపోదా అంటే సరిపోదు. పళ్లేలతో కలిపి దాదాపు కిలో బరువు 3 మి.మీ. మేకు మీద పడితే, ఆ రాపిడిని గెలవడానికే చేతి చివర రెండు గ్రాములకు పైగా కావాలి. ఒక గ్రాము తేడాకు ముల్లు కదలనే కదలదు. బేరింగు కొత్తదైతే లోపల గ్రీజు ఉంటుంది. మూతలు ఊడదీసి కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాలి, నూనె కూడా వేయొద్దు.

మూడు రంధ్రాలు, అంటే నడుమ ఇరుసుదీ రెండు చివర్ల దారాలవీ, ఒకే గీత మీద ఉండాలి. ఈ పని మొత్తంలో అసలు మెలిక ఇక్కడే. పట్టీ నడిగీతకు 5 మి.మీ. పైన ఇంకో గీత గీసి మూడూ దాని మీదే వేశాం. అప్పుడు పట్టీ బరువు ఇరుసుకు 5 మి.మీ. కింద ఉన్నట్టు. ఒక గ్రాము తేడాకు వచ్చే వంపు 200ను 170×5తో భాగిస్తే 0.235, దాదాపు 13 డిగ్రీలు. గది చివరి బెంచీకి కూడా కనబడుతుంది. చివరి రంధ్రాలు గీతకు 2 మి.మీ. కిందికి జారితే, నిండు బరువు మీద అదే గ్రాముకు 5 డిగ్రీలే వంగుతుంది. 2 మి.మీ. పైకి పోతే ఇంకా చెడ్డది: ఒక్కో పళ్లెంలో 200 గ్రాములు దాటాయంటే తక్కెడ ఎటో ఒకవైపు పడిపోయి తిరిగి లేవదు. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఊగుతుంది కాబట్టి ఈ లోపం మొదట కనబడదు. తక్కెడ బాగుందో లేదో బరువు వేశాకే చెప్పాలి.

పళ్లేలకు స్టీలు ప్లేట్లు, మూడేసి నైలాన్ దారాలు. ఖాళీగా ఉన్నప్పుడు ఒకవైపు వాలితే తేలిక పళ్లెం కింద కొద్దిగా మైనం అంటించి సరిచేయాలి, అదే పాసంగం. పాసంగంతో ఖాళీ తూకం మాత్రమే కుదురుతుంది, చేతుల పొడవు తేడా పోదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఒక చేయి 200, ఇంకో చేయి 201 మి.మీ. ఉంటే పాసంగంతో ముల్లు నడుమకు వస్తుంది. కానీ 187 గ్రాముల కాయ ఒక పళ్లెంలో 186గానూ రెండో పళ్లెంలో 188కి దగ్గరగానూ తూగుతుంది. పరీక్ష సులువు: ఒక పళ్లెంలో 243 రాయి, రెండో దాంట్లో సమంగా తూగేటట్టు ఇసుక పోసి, తర్వాత రెండూ మార్చి చూడాలి. మార్చాక కూడా ముల్లు నడుమనే నిలిస్తే చేతులు సమానం. లేకపోతే పొడుగు చేతి వైపు రంధ్రాన్ని సన్నని ఆకురాయితో లోపలి వైపు జరపాలి. పావు మి.మీ. తేడా దాకా ఓర్చుకోవచ్చు.

ఫ్యాను ఆపాలి. సీలింగ్ ఫ్యాను గాలికే ప్లేట్లు గ్రాముల లెక్కలో ఊగుతాయి. ఎండాకాలం తరగతిలో పిల్లలకు ఇది ఒప్పించడం మిగతా పనులన్నిటికంటే కష్టం.

జోకే పద్ధతి

బరువు తెలిసిన సంఖ్యకు రాళ్లు ఎంచుకోవడం ఒక పని, తెలియని కాయను జోకడం ఇంకో పని. చాలా చోట్ల మొదటిదే చెప్పి వదిలేస్తారు. రెండోది లేకపోతే తక్కెడ బొమ్మగానే మిగులుతుంది.

తెలిసిన సంఖ్యకు దారి ఇది. మూడుతో భాగిస్తూ పోవాలి. మొదటి శేషం 1 గ్రాము రాయిది, తర్వాతిది 3 రాయిది, ఆపైన 9ది, అలా. శేషం 0 వస్తే ఆ రాయి బల్ల మీద. 1 వస్తే ఎదురు పళ్లెంలో. 2 వస్తే సరుకు పక్కన వేసి, భాగఫలానికి ఒకటి కలపాలి. ఎందుకంటే 2 అంటే 3 లోంచి 1 తీసేయడమే. 187 తీసుకుంటే: 62, శేషం 1, 62కు 20, శేషం 2, కాబట్టి 21, 21కి 7, శేషం 0, 7కు 2, శేషం 1, 2కు 0, శేషం 2, కాబట్టి 1, చివరికి 1. ఎదురు పళ్లేనికి +, సరుకు పక్కకు −, బల్లకు 0 అని రాస్తే, చిన్న రాయి నుంచి పెద్ద రాయికి: +, −, 0, +, −, +. ఎదురు పళ్లెంలో 243, 27, 1 కలిసి 271. కాయ పక్కన 81, 3 కలిసి 84. తేడా 187.

తెలియని కాయకు మాత్రం పెద్ద రాయి నుంచి మొదలు. కాయను ఎడమ పళ్లెంలో పెట్టి, ఆరు రాళ్లనూ దాని పక్కనే వేయాలి. కుడి పళ్లెం ఖాళీ. ఇప్పుడు 243 రాయిని తీసి బల్ల మీద పెట్టండి. కుడి పళ్లెం దిగలేదంటే అదే రాయిని కుడి పళ్లెంలో వేయండి. అప్పుడూ దిగలేదంటే అక్కడే ఉంచండి. ఏ మెట్టు దగ్గరైనా కుడి పళ్లెం దిగిందంటే ఒక అడుగు వెనక్కి. తర్వాత 81, ఆపైన 27, చివరికి 1 దాకా ఇదే వరుస. ఒక్కో రాయికి రెండు తూకాలకు మించవు.

187 గ్రాముల కాయతో నడిపి చూడండి. ఎడమ వైపు మొత్తం 187+364 = 551. 243 తీస్తే 308 మిగులు, కుడిలో వేస్తే 65 మిగులు, అక్కడే ఉంటుంది. 81 తీస్తే కుడి పళ్లెం దిగుతుంది, మళ్లీ కాయ పక్కకే. 27 తీస్తే 38, కుడిలో వేస్తే 11; అక్కడే. 9 తీస్తే 2 మిగులు, కుడిలో వేస్తే దిగుతుంది. కాబట్టి బల్ల మీద. 3 తీయగానే కుడి వైపు దిగుతుంది, వెనక్కి. 1 కుడిలో వేస్తే సరి. పైన భాగహారంతో వచ్చిన అమరికే వచ్చింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో పలక మీద రాసి చూపాలి. మూడు ఆధారంలో, అంటే ఒకట్లు, పదులు, వందలకు బదులు 1, 3, 9, 27… స్థానాల రాతలో, 364 అంటే 111111. కాయ పక్కన రాళ్లన్నీ వేయడం అంటే సంఖ్యకు 111111 కలపడం. 551ని మూడు ఆధారంలో రాస్తే 202102. ప్రతి అంకె లోంచి 1 తీసేస్తే +, −, +, 0, −, + వస్తుంది. తీసేయక ముందు అంకెల్లో 0 అంటే రాయి కాయ పక్కనే, 1 అంటే బల్ల మీద, 2 అంటే ఎదురు పళ్లెంలో. 0, 1, 2 అంకెల మామూలు రాతకూ, +, 0, − గుర్తుల రాతకూ మధ్య వంతెన ఇదొక్కటే. కాగితం మీద మార్చేటప్పుడు కూడా భాగహారం కంటే ఇదే తప్పు పోని దారి.

ఇక అర గ్రాము సంగతి. బత్తాయి సరిగ్గా పూర్ణాంకం గ్రాములు తూగదు. తూగినా, రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయా, కుడిది వెంట్రుకవాసి దిగిందా అన్న తగువు ప్రతి మెట్టు దగ్గరా వస్తుంది. 2 సెం.మీ. జీఐ తీగ ముక్క, అంటే అర గ్రాము, ఎడమ పళ్లెంలో శాశ్వతంగా పడి ఉండనివ్వండి. పాసంగం కుదిర్చాకే అది వేయాలి, ముందు కాదు. పూర్ణాంకపు బరువుకు ఇక సమతూకం అనేదే రాదు. ప్రతిసారీ కనీసం అర గ్రాము తేడాతో ఎటో ఒకవైపు మొగ్గుతుంది. పూర్ణాంకం కాని బరువు దగ్గరలోని గ్రాముకు సర్దుకుంటుంది. రాళ్ల మొత్తం తప్పు అర గ్రాము లోపు ఉండాలన్న షరతు ఇక్కడి నుంచి వచ్చిందే.

గుర్తుల రాతకు ఇంకో గుణం ఉంది. చివరి అంకెలు కొట్టేస్తే మిగిలేది దగ్గరి విలువే. 187లో చివరి రెండూ తీసేస్తే 243−81+27 = 189. తొమ్మిది ఎక్కంలో 187కు దగ్గరిది అదే. మామూలు రాతలో 187 అంటే 20221. చివరి రెండూ సున్నాలు చేస్తే 20200, అంటే 180కి పడిపోతుంది. గుర్తుల రాతలో సంఖ్య ధనమా రుణమా అన్నది కూడా మొదటి గుర్తే చెప్పేస్తుంది, విడిగా మైనస్ గీత అక్కర్లేదు.

దీపాల పలక

ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న కంప్యూటరు) బోర్డు, రెండు కాళ్ల బైకలర్ ఎల్‌ఈడీలు ఆరు, 330 ఓముల రెసిస్టర్లు ఆరు. ఒక్కో ఎల్‌ఈడీ రెండు పిన్నుల మధ్య. మొదటి పిన్ను పైన (5 వోల్టులు), రెండోది కింద (సున్నా) ఉంటే ఎరుపు (కాయ పక్కన). తిరగేస్తే ఆకుపచ్చ (ఎదురు పళ్లెం). రెండూ కింద ఉంటే ఆరిపోతుంది (బల్ల మీద). మూడు స్థితులూ ఒక్క దీపంలోనే. మాస్కో విశ్వవిద్యాలయంలో బ్రుసెంత్సోవ్ బృందం 1958లో కట్టిన సేతున్ కంప్యూటరు పనిచేసింది ఈ +, 0, − రాతతోనే. అంతకు చాలా ముందు, 1840లో, ఇంగ్లండులో థామస్ ఫౌలర్ చెక్కతో లెక్కల యంత్రం కట్టిందీ ఇదే రాత మీద.

కొనేటప్పుడు మూడు కాళ్ల ఎల్‌ఈడీ ఇస్తే తీసుకోవద్దు, దానికి ఈ వైరింగు కుదరదు. కోఠి గుజరాతీ గల్లీలో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపి ఉంచుతారు, కాళ్లు లెక్కపెట్టి తీసుకోవాలి. కరెంటు ఒక్కో దీపానికి దాదాపు 9 మిల్లీఆంపియర్లు, ఆరింటికి 55. బోర్డు మీది చిప్పు మొత్తం హద్దు 200, కాబట్టి భయం లేదు.

పిన్నులు 2 నుంచి 12 దాకా పదకొండు, పన్నెండోదిగా ఏ0. 13ను వదిలేశాం. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు బూట్‌లోడర్ (బోర్డు ముందుగా నడిపే చిన్న ప్రోగ్రాం) ఆ పిన్నును మిణుకుమిణుకుమనిపిస్తుంది, ఆ రాయి దీపం ఊరికే వెలిగి పిల్లలు తికమకపడతారు. సంఖ్య ఇవ్వడానికి ఏ1, ఏ2, ఏ3 మీద మూడు బటన్లు: వందలు, పదులు, ఒకట్లు. బటన్ నొక్కనప్పుడు పిన్నును పైన ఉంచే పుల్‌అప్ రెసిస్టర్ బోర్డు లోపలిదే.

బటన్లు బిగించేలోపు ల్యాప్‌టాప్‌లో బోర్డుతో మాట్లాడే సీరియల్ మానిటర్ కిటికీ నుంచి సంఖ్య పంపితే ఒక చిక్కు తగులుతుంది. దీపాలు సరిగ్గా వెలిగి, ఒక సెకను కాగానే అన్నీ ఆరిపోతాయి. సంఖ్య వెనకాల పోయే న్యూలైన్ (వరుస ముగిసింది అనే) గుర్తును ప్రోగ్రాం మళ్లీ సంఖ్యగా చదవబోయి, సెకను ఎదురుచూసి, ఏమీ దొరక్క సున్నా అనుకుంటుంది. మానిటర్‌లో ‘నో లైన్ ఎండింగ్’ పెడితే పోతుంది.

రుణ సంఖ్యల శేషం ఇంకో గోతి. ఆర్డుయినో సీ భాషలో −5ను 3తో భాగిస్తే శేషం −2. అదే ల్యాప్‌టాప్‌లో వాడే పైథాన్ భాషలో 1. ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వచ్చిన ప్రోగ్రాంను బోర్డుకు మార్చగానే రుణ సంఖ్యలన్నీ తప్పుతాయి. గుర్తు తీసేసి లెక్క చేసి, చివర్లో ఎరుపు పచ్చలను తారుమారు చేయడమే తేలిక. గుర్తుల రాతలో రుణ సంఖ్య అంటే అంతే కదా, ప్రతి + ను − చేయడం.

చింతగింజల చెక్క

తక్కెడకు గుర్తుల రాత, గింజలకు 0, 1, 2 రాత. ఈ రెండూ ఒకే రోజు ఒకే పిల్లలకు చెప్పొద్దు.

చెక్క మీద ఆరు గిన్నెలు, కుడి నుంచి ఎడమకు 1, 3, 9, 27, 81, 243. ఒకటి విడిచి ఒకటి ఎరుపు, నీలం రంగులు. కుడి చివరిది వంద గింజలు పట్టేంత పెద్దది కావాలి. నియమం ఒక్కటే: ఏ గిన్నెలోనైనా మూడు గింజలుంటే అవి తీసేసి, ఎడమ పక్క గిన్నెలో ఒకటి వేయాలి. ఇక మార్చలేని దాకా.

వంద గింజలతో: మొదటి గిన్నెలో 33 మార్పులు, మిగిలింది 1. రెండో దాంట్లోకి వచ్చిన 33కు 11 మార్పులు, మిగిలింది 0. పదకొండుకు 3 మార్పులు, మిగిలింది 2. మూడుకు 1 మార్పు, మిగిలింది 0. చివరికి 1. మూడు ఆధారంలో వంద అంటే 10201.

ఇప్పుడు గుణాలు. పదుల పద్ధతిలో చివరి అంకె చూసి సరి బేసి చెప్పే అలవాటు ఇక్కడ చెల్లదు. 4 అంటే 11, చివర 1 ఉన్నా సరి. 5 అంటే 12, చివర 2 ఉన్నా బేసి. చూడాల్సింది మొత్తం గింజలు. ప్రతి మార్పులో మూడు పోయి ఒకటి వస్తుంది, తగ్గేది రెండు. కాబట్టి గింజల మొత్తం సరి బేసి మారదు. 10201లో నాలుగు గింజలు, సరి.

నాలుగుతో భాగింపుకు రంగులు చూడాలి. ఒక రంగు గిన్నెలో మూడు తగ్గి, వేరే రంగులో ఒకటి పెరుగుతుంది. రెండు రంగుల తేడా సరిగ్గా నాలుగు మారుతుంది. 10201లో గింజలున్నవన్నీ ఒకే రంగు గిన్నెలు. తేడా 4, కాబట్టి వందకు నాలుగుతో శేషం లేదు. మూడుతో అయితే కుడి చివరి గిన్నె ఖాళీయా కాదా చూస్తే చాలు.

మిగతావి గిన్నెలను గుంపులు చేస్తే వస్తాయి. రెండేసి గిన్నెలు కలిపితే స్థానాల మధ్య 9 రెట్లు. 9 అంటే 8 కంటే ఒకటి ఎక్కువ, 10 కంటే ఒకటి తక్కువ. గుంపులు కూడితే 8 పరీక్ష, ఒకటి విడిచి ఒకటి తీసేస్తే 10 పరీక్ష. వందకు గుంపులు 1, 2, 1: మొత్తం 4, అదే 8తో శేషం; 1−2+1 = 0, పదితో నిశ్శేషం. మూడేసి కలిపితే 27 రెట్లు: 26, 28 పరీక్షలు. వాటిలోనే 13, 7 ఉన్నాయి. వందకు గుంపులు 19, 3. కూడితే 22, అందులోంచి 13 పోతే 9. తీసేస్తే 16, ఏడుతో శేషం 2. ఆరు గిన్నెల్లోనూ ఒక్కో గింజ వేసి 364 ఇస్తే పిల్లలు ఒకేసారి 4, 7, 13 మూడూ పట్టుకుంటారు. 4×7×13 = 364.

ఇక మార్పుల లెక్క. వందకు జరిగిన మార్పులు 33+11+3+1 = 48. 1 నుంచి 100 దాకా సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చే ఫ్యాక్టోరియల్‌లో 3 ఎన్నిసార్లు కారణాంకంగా ఉంటుందో సరిగ్గా అన్ని. మార్పుకు రెండు గింజలు తగ్గుతాయి కాబట్టి గింజల్లోంచి మిగిలిన గింజలు తీసి సగం చేసినా అదే: (100−4)÷2 = 48. ఈ లెక్కే చెప్పే లెజాండ్ర్ సూత్రం పుస్తకంలో గుర్తుల దండుగా కనబడుతుంది, ఇక్కడ ఎదుటే లెక్కపెట్టుకోవచ్చు. చెక్క చేసిన ఖర్చు దీనికే గిట్టింది.

2 యొక్క ఘాతాలు, అంకె 2 లేని రాత

పెద్ద తరగతుల కోసం ఒక ప్రోగ్రాం. 1, 2, 4, 8, 16… వీటిని మూడు ఆధారంలో రాస్తే 2 అనే అంకె రానివి ఏవి? 1, 4 అంటే 11, 256 అంటే 100111. ఇంకేవీ లేవని హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ 1979లో అన్నాడు. ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు, కాదనీ చూపలేదు.

ఆర్డుయినోతోనే వెతకొచ్చు. సంఖ్య మొత్తం అక్కర్లేదు, చివరి 19 అంకెలు చాలు. మూడు 19వ ఘాతం 1,16,22,61,467. దాన్ని రెట్టింపు చేసినా 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్‌లో (ఆర్డుయినోలో రుణం లేని పెద్ద పూర్ణాంకం దాచే చోటు) పడుతుంది. 20 అంకెలు పెట్టుకుంటే రెట్టింపులో పొంగిపోతుంది, ఏ తప్పూ చూపకుండానే చెత్త లెక్క నడుస్తూ ఉంటుంది. ప్రతి మెట్టులో రెట్టింపు చేసి, 19వ ఘాతం దాటితే దాన్ని తీసేసి, అంకెలు చూడాలి. 2 కనబడగానే వదిలేసి ముందుకు. 19 అంకెల్లో 2 లేకుండా జారిపోయేవి సగటున మూడు వేలల్లో ఒకటి. అలాంటివాటి ఘాతం మాత్రం రాసుకుని ల్యాప్‌టాప్‌లో పూర్తి సంఖ్యతో చూడాలి. పైథాన్‌కు పూర్ణాంకం ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు.

ఏడో రాయి

729 రాయి కలిపితే హద్దు 1093 గ్రాములు, కిలో దాటుతుంది. 25 మి.మీ. రాడ్డు 19 సెం.మీ. అవుతుంది. కానీ జోకడం మొదలుపెట్టేటప్పుడు రాళ్లన్నీ కాయ పక్కనే ఉంటాయి కాబట్టి ఒక్క పళ్లెంలోనే రెండు కిలోలకు పైగా పడుతుంది, 6 మి.మీ. పట్టీ వంగితే చివరి రంధ్రాలు గీత కిందికి జారి ముల్లు మొద్దుబారుతుంది. పట్టీని 40×6కి మార్చి, 40 మి.మీ. వైపు నిలువుగా పెట్టాలి, బేరింగు కూడా 625 కావాలి. చేతుల పొడవు తేడా అప్పుడు 0.09 మి.మీ. దాటకూడదు, చేతి డ్రిల్లుతో అది కాదు. కాబట్టి ఈ తక్కెడ ఆరు రాళ్ల దగ్గరే ఆగుతుంది.